కెటిల్ ఆవిరి

నా ఉద్యోగం మనుషులకు ధర కట్టడం.
డబ్లిన్‌లో, పాత రేవు పక్కన,
అద్దాల మేడలో నాలుగో అంతస్తు.
కిటికీ కింద కాలువలో హంసలు
ఎవరో పారేసిన రొట్టె ముక్క కోసం
మెడలు పెనవేసి కొట్టుకుంటుంటాయి.
వాటికి నేనింకా ఏ గ్రేడూ ఇవ్వలేదు.

"పోటీకి దీటైన జీతం"
ప్రతి ఉద్యోగ ప్రకటన చివరా
ఈ ముక్క అతికించేది నేనే.
తొమ్మిదేళ్లుగా అతికిస్తున్నాను.
ఎవరితో పోటీ అని ఒక్కరూ అడగలేదు.

కాలువకి అవతల మేడలో డర్వ్‌లా.
ఆ కంపెనీలో ఆమెదీ ఇదే పని.
గురువారాలు లాకు తలుపు మీద కూర్చుని
ఒకే పొట్లంలో చిప్స్ తింటాం.
అంకెలు మాట్లాడుకోం, చట్టం ఒప్పుకోదు.
వాళ్లమ్మ మోకాలు, మా ఇంటి అద్దె,
ఆగీ ఆగని వాన,
వీటితో పొట్లం ఖాళీ అవుతుంది.

తర్వాత ఎవరి కుర్చీలోకి వాళ్లం వెళ్లి
ఎవరి అంకెలు వాళ్లం
లండన్‌లో ఒక సర్వే సంస్థకి పంపుతాం.
అది అందరివీ ఒకే గంగాళంలో పోసి కలిపి
తలా ఓ గరిటె తిరిగి వడ్డిస్తుంది.
దాన్నే మార్కెట్ అంటాం.
ఆమె నా కంచంలోకి చూస్తుంది,
నేను ఆమె కంచంలోకి.
ఇద్దరం కలిసి
ఎవరికెంత ఆకలి ఉండాలో తేలుస్తాం.

నిజమే చెప్పాలి, మేం ఇచ్చేది తక్కువేం కాదు.
వీధి చివర బేకరీలో
రాత్రి మూడింటికి పొయ్యి వెలిగించే ఫియక్రా
మా జీతాలు వింటే
పిండి చేతులతోనే నెత్తి పట్టుకుంటాడు.
మా అంతస్తు తుడిచే ఇలింకా
అసలు నా పట్టికలోనే లేదు.
ఆమె ఇంకో కంపెనీ పద్దు, ఇంకో కంపెనీ చీపురు.

కొత్త నీరొస్తే పాత నీరు కొట్టుకుపోతుందంటారు.
మా దగ్గర కొట్టుకుపోదు.
ఉన్నచోటే ఉంటుంది,
దాని మట్టమే దిగిపోతుంది,
లాకు తలుపు తీసినంత నిశ్శబ్దంగా.

బర్నడెట్ వచ్చి పదకొండేళ్లు.
డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి
తప్పిపోకుండా దాటేది
ఆమె రాసిన కోడు వేలు పట్టుకునే.
డెబ్భై ఒక్క వేలు.
జనవరిలో లోర్కన్ వచ్చాడు, ఇరవై మూడేళ్లు.
డర్వ్‌లా వాళ్లు కూడా పిలిచారని
ఊరికే ఒక మాట అన్నాడు.
ఆ మాట ఖరీదు పదమూడు వేలు.
అతనికి పని నేర్పుతున్నది బర్నడెట్టే.

నిన్న వంటగదిలో ఇద్దరమే ఉన్నాం.
కెటిల్ బుసకొడుతోంది.
"నా పక్కన కూర్చోబెట్టావే, ఆ కుర్రాడికి ఎంత?"
పళ్లెం అంచున పంచదార గింజలు
వేలితో ఏరుతూ అడిగింది,
బస్సు ఎన్నింటికని అడిగినట్టు.

నేను సంతకాలు పెట్టిన కాగితాలున్నాయి.
నోరు తెరవకూడదు.
తెరవలేదు.
ఆవిరి పట్టిన కిటికీ మీద
చూపుడు వేలితో 84 అని రాసి
వెంటనే మోచేత్తో తుడిచేశాను.

ఆమె చాలాసేపు ఆ అద్దాన్నే చూసింది.
తర్వాత నా కప్పు కూడా నింపి,
"పాలు పోయనా?" అంది.

వేలి జిడ్డు సంగతి నాకు తట్టలేదు.

పొద్దున్నే ఎవరో కెటిల్ పెట్టారు.
ఆవిరి లేచింది,
అద్దం మీద 84 లేచింది.
మధ్యాహ్నానికి దాని పక్కన 71.
ఇంకో చేతిరాతలో 66, కొట్టేసి 68.
ఎప్పుడూ కాఫీ మిషన్ ముందుండే వరస
ఇవాళ కెటిల్ ముందుంది.
ఎవరికీ టీ తాగాలని లేదు.

అందరూ వెళ్లాక నేనే నీళ్లు పోసి మరగబెట్టాను.
అద్దం అడుగున,
వంగి తుడిచేవాళ్ల చెయ్యి ఆనే ఎత్తులో,
చిన్నగా, గుండ్రంగా,
గంటకి 14.